నాగుకు తెచ్చిన లిల్లీ గడ్డలు

పోయినవి ముందు చెప్తాను. లిల్లీ గడ్డలు ఆరు వందల డెబ్భై ఐదు. ఇందులో నాలుగు వందల పది ఏదుపంది తిన్నవి, రెండు వందల అరవై ఐదు నేను కుళ్లబెట్టినవి. వెదురు తడిక ఒకటి. తెల్ల అంగీ ఒకటి. పక్క క్వార్టర్ ఆమెతో మా ఇంటామెకు మాటలు, ఒక దసరా నుంచి ఎండాకాలం దాటేదాకా. మా అక్క మా ఇంట్లో తినకుండా వెళ్లిపోయిన భోజనాలు పదమూడు. ఇవి కాక నా లెక్కల మీద మా ఇంటామెకు ఉన్న నమ్మకం ఒకటి. అది ఎంత ఉండేదో ముందే కొలిచి పెట్టుకోలేదు కాబట్టి అంకె వెయ్యలేను. ఇప్పుడైతే లేదు.

వచ్చినవి కూడా చెప్పాలి. పూలు అమ్మితే కొంత డబ్బు వచ్చింది. దానితో వెదురు తడిక కొన్నాను. తడిక సంగతి పైన రాశాను.

నేను బెల్లంపల్లిలో ఒక బొగ్గు గనిలో లాంపు రూంలో పని చేసేవాణ్ణి. గనిని మేం బాయి అంటాం. బాయిలోకి దిగేవాడు తన బిళ్ల నాకిచ్చి లాంపు తీసుకుంటాడు, ఎక్కి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. దిగిన వాళ్లెంతమందో ఎక్కిన వాళ్లూ అంతే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా అది నోటిలెక్కలో తప్పు కాదు, ఒక మనిషి లోపల ఉండిపోయినట్టు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు ఈ పని లెక్కలు నేర్పింది, దాంతోపాటు ఒక రోగం కూడా అంటించింది. పెళ్లికి పోతే విస్తళ్లు లెక్కబెడతాను. బస్సెక్కితే దిగినవాళ్లూ ఎక్కినవాళ్లూ సరిపోయారా అని చూస్తాను.

లాంపు రూంలో కూర్చున్నవాడికి ఎవరు ఎప్పుడు నౌకరీ దిగిపోతారో అందరికంటే ముందే తెలుస్తుంది. ఎనభైల్లో మా పాత బాయిలో కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గిపోయింది, దిగిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రతి నెలాఖరుకు నలుగురైదుగురికి సన్మానం జరిగేది. మనిషికి మూడు దండలు: మేనేజరుది ఒకటి, యూనియన్ వాళ్లది ఒకటి, తోటి పనివాళ్లది ఒకటి. ఆ పూలు ఎక్కడినుంచో రైల్లో వచ్చేవి. బజారు మూల మీద దండలు కట్టే ఆయన చేతికి చేరేసరికి సగం గోధుమరంగు తిరిగేవి. నలుగురికి మూడేసి దండలు, నెలకు పన్నెండు. ఊళ్లోనే తాజా పూలు పండిస్తే ఈ పన్నెండూ నావే కదా అనిపించింది. ఆ పన్నెండు అంకె నా బుర్రలో పడ్డ రోజునుంచే నష్టం మొదలైందని ఇప్పుడు చెప్పగలను.

మా అక్కను చెన్నూరులో ఇచ్చారు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వాళ్ల పెరట్లో చేదబావి పక్కన లిల్లీ మడి ఉండేది. సన్నగా పొడుగ్గా కాడ లేచి, దాని చివర తెల్లటి పూలు వరసగా విచ్చుకుంటాయి. సాయంత్రమైతే ఇల్లంతా వాసనే. విత్తనం ఉండదు, నేలలో ఉల్లిగడ్డ లాంటి గడ్డే విత్తనం. ఒక ఎండాకాలం పోయి అక్కను అడిగాను.

"అక్కా, గీ గడ్డలు నాలుగు మానికలిస్తవా?"

"నాలుగు మానికలా? కూరొండుకుంటవారా?"

"పెడ్త. పూలమ్ముత."

మంచం మీద పడుకున్న బావ లేచి కూర్చున్నాడు. "లాంపులు పంచేటోడు పూలమ్ముతడట. ఇగ బాయిల మల్లెలు గూడ పూస్తయి."

అక్క నవ్వలేదు. "ఊకె ఇయ్య తమ్మీ. నాగుకిస్త" అంది.

నాగు మా వైపు పాత పద్ధతి. విత్తుకునే ముందు మానెడు గింజలు తీసుకున్నవాడు పంట వచ్చాక మానెడున్నర కొలిచి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ మానెడున్నరే అసలవుతుంది, దాని మీద మళ్లీ సగం. పైసలు చేతులు మారవు, మానికే మాట్లాడుతుంది.

"తోడబుట్టినోనికి గూడ నాగేనా?" అన్నాను.

"తోడబుట్టినోడని పోయినేడు మక్కల యిత్తనం ఊకెనే ఇస్తి. ఏం జేసినవ్?"

ఆ మొక్కజొన్న విత్తనం సంగతి ఆమె మరిచిపోయిందనుకున్నాను.

"ఏంపుకొని తిన్నవ్. నాగుకు తీస్కున్నోడు తినడు, భయముంటది. ఇంకొకటి. ఇది తీరేదాక మీ ఇంట్ల నేను నీళ్లు గూడ ముట్ట."

"గదేందక్కా?"

"మా అత్త కాడ్నించి గిదే పద్ధతి. నాగు ఇచ్చిన ఇంట్ల తింటె, తిన్నదంత నాగుల కోత కొయ్యాలె. గిలాసెడు నీళ్లకెన్ని గడ్డలు, బువ్వకెన్ని గడ్డలు, ఎవలు జెప్పాలె? తినుడు లేదు, కోసుడు లేదు."

"నేను జెప్త. బువ్వకు మూడు గడ్డలేస్కో, చాయ్‌కి..."

"నువ్వు జెప్తవనే నా భయం" అని అక్క ఇనుప మానిక తెచ్చింది.

ఆమె కొలిచే తీరు చూడాలి. గడ్డలు నింపి, మానికను నేలకు రెండుసార్లు తట్టి, మళ్లీ నింపి, పైన గోపురం నిలబడేదాకా పోసేది. ఒక గడ్డ దొర్లి కిందపడితే దాన్ని మళ్లీ పైకెక్కించేది. ఆమె మానికలు కొలుస్తుంటే నేను గడ్డలు లెక్కబెట్టాను. మానికకు నలభై ఎనిమిది పట్టాయి. అక్క గోడ మీద సున్నంతో నాలుగు గీతలు గీసింది. నేను మనసులో నూట తొంభై రెండు అని రాసుకున్నాను. ఇద్దరం రాసుకున్నది ఒకే బాకీ అని అప్పట్లో నమ్మాను.

తిరిగి వచ్చే బస్సులో లెక్క వేశాను. ఒక్క లిల్లీ గడ్డ ఏడాదికి పిల్లలతో కలిపి ఎనిమిదవుతుందని అక్కే చెప్పింది. ఎనిమిదింతలు పెరిగేదాని మీద సగం వడ్డీ ఒక బాకీయేనా? ఏనుగు వీపు మీద కాకి వాలినంత. ఇంటికొచ్చి మా ఇంటామెకు ఇదంతా వివరించాను. ఆమె పూల సంగతి వినలేదు, వడ్డీ సంగతి వినలేదు.

"వదినె మనింట్ల నీళ్లు తాగదా?" అంది.

"ఒక్క ఏడే గద."

"లైన్ల ఎవలకు జెప్తవయ్యా ఏడనీ, నాగనీ? ఆడిబిడ్డ ఇంటికొచ్చి గొంతెండపెట్టుకొని పోయిందంటె, నేను నీళ్లియ్యలేదనే అంటరు. నా మొఖం ఏడ వెట్టుకోవాలె?"

లైన్ అంటే మా క్వార్టర్ల వరస. గోడలన్నీ కలిసే ఉంటాయి. ఒకరింట్లో పోపు వేస్తే నాలుగిళ్లలో తుమ్ముతారు. అలాంటి చోట ఆడబిడ్డకు నీళ్లివ్వని ఇల్లాలు అనిపించుకోవడం ఎంత పెద్ద మాటో నాకు తెలియదా అంటే, తెలుసు. కానీ నా చేతిలో ఎనిమిదింతల లెక్క ఉంది.

క్వార్టర్ వెనుక జాగాలో మడులు చేసి గడ్డలు నాటాను. వానాకాలం నడిమికి కాడలు లేచాయి. మొదటి పూలు విచ్చుకున్న పొద్దున తడిగుడ్డలో చుట్టుకుని, సైకిల్ మీద దండలాయన దగ్గరికి పోయాను. ఆయన గుడ్డ విప్పి చూసి, నా మొహం చూసి, మళ్లీ పూలు చూశాడు.

"లాంపు సారూ, పూలకు గూడ లాంపిచ్చి బాయిలకు తోలినవా ఏంది?"

మా లైన్‌కు అవతలే బొగ్గు వ్యాగన్లు నింపే సైడింగ్ ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా సన్నటి మసి పడేది. మాకది కంటికి ఆనదు, ఎందుకంటే మా దగ్గర తెల్లగా ఉండేది ఏదీ లేదు. లిల్లీలు వచ్చాకే ఆ సంగతి తెలిసింది.

"కడుగుత" అన్నాను.

"కడుగు, కడుగు. సబ్బు గూడ వెట్టు. జర నీలిమందు గలుపు."

కడిగాను. మసి పోలేదు, నీళ్లతో కలిసి రేకుల మడతల్లోకి దిగి, ఒక్కో పువ్వుకు కాటుక పెట్టినట్టయింది. చివరికి మా ఇంటామె పాత చీరలు మడుల మీద పందిరిలా కప్పాం. రంగురంగుల చీరలు నడుమెత్తున పరిచి ఉంటే, లైన్ ఆడవాళ్లు వచ్చి ఇదేం ఆరవేసుడని అడిగిపోయారు. పూలు మాత్రం తెల్లగా వచ్చాయి.

ఆ నెలాఖరున మా బాయిలో నలుగురు దిగిపోతున్నారు. నా లెక్క ప్రకారం పన్నెండు దండలు. దండలాయన ఎన్ని కడుతున్నాడో చూద్దామని సన్మానం రోజు ముందే పోయాను. ఆయన ఒక్క దండే కట్టి, "జర భుజం మీదేస్కొని నడువు సారూ, నేను అగర్‌బత్తీలు దెస్త" అన్నాడు. తడి దండ భుజాన వేసుకుని సభకు పోయాను. కప్పిన చీరల కిందికి కూడా కొంత మసి దిగినట్టుంది. నా తెల్ల అంగీ మీద భుజం నుంచి నడుముదాకా నల్లటి చారలు. మేనేజరు నన్ను చూసి, "డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చినట్టున్నారు, కూర్చోండి" అని ఆదరంగా కుర్చీ చూపించాడు.

ఇక్కడ మా వాళ్ల మర్యాద ఒకటి చెప్పాలి. మెడలో దండ పడగానే తీసి బల్ల మీద పెట్టెయ్యాలి. వేసుకుని కూర్చుంటే ఈయనకెంత గీర అనుకుంటారు. మొదటి ఆయన మెడలో దండ పడింది, ఆయన తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల వెనకే నిలబడ్డ దండలాయన దాన్ని తీసి, రెండుసార్లు దులిపి, యూనియన్ ఆయన చేతికిచ్చాడు. అదే దండ మళ్లీ అదే మెడలో పడింది. తర్వాత రెండో ఆయన, మూడో ఆయన, నాలుగో ఆయన. నేను లెక్కబెడుతూనే ఉన్నాను. పన్నెండుసార్లు దండ పడింది. లెక్క తప్పలేదు. దండే ఒకటి.

బయటికొచ్చాక ఆయన్ని పట్టుకున్నాను. "గదేందన్నా, ఒక్క దండతోని అందర్నీ సాగదోలినవ్?"

"నీ పూల మహిమే సారూ" అన్నాడు ఆయన, నిజంగా మెచ్చుకుంటూ. "రైలు పూలు రెండో మెడకే రాలిపోతుండె. ఎప్పుడూ నాలుగైదు దండలు కట్టుడే, పరేషాన్. నీ పూలు చూడు, పొద్దుగూకేదాక గట్లనే ఉంటయి. నెలకు ఒక్క దండ, ఫికర్ లేదు."

అంటే నేను ఎంత మంచి పూలు పండిస్తే అంత తక్కువ అమ్ముతాను. ఈ లెక్క నేను ఎక్కడా చదవలేదు.

దసరా పోయాక అక్క వచ్చింది. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా, సంచిలో జొన్నరొట్టెలు. మా ఇంటామె గిలాసతో ఎదురుపోయింది. అక్క అరచెయ్యి అడ్డం పెట్టి, "గడ్డలెట్లున్నయి?" అని నేరుగా పెరట్లోకి నడిచింది. మడులన్నీ తిరిగి చూసి, బాగున్నాయని మెచ్చుకుని, డబ్బాలో నీళ్లు తాగింది. డబ్బా ఖాళీ అయ్యాక పక్క క్వార్టర్‌కు పోయి రెండు గిలాసలు నీళ్లు, ఒక చాయ్ తాగి, అక్కడే రొట్టెలు తిన్నది. పక్కామె ఆ సాయంత్రం గోడ మీదినుంచి తొంగి చూసి, "ఏమమ్మా, మీ నల్లాల నీళ్లు రాకపోతె నాకు జెప్పొద్దా, బిందె ఇద్దును గద" అంది. ఆ ఒక్క మాటకు మా ఇంటామె ఎండాకాలం దాటేదాకా ఆమెతో మాట్లాడలేదు.

ఎండాకాలం వచ్చింది. గడ్డలు తవ్వాను. ఎనిమిదింతలు నిజమే, పదిహేను వందలు దాటాయి. కానీ వాటిలో పూత పట్టే గడ్డలు, అంటే బొటనవేలంత ఉన్నవి, నాలుగు వందల పది. మిగిలినవన్నీ ఎల్లిపాయ రెబ్బలంత. బాకీ ఆరు మానికలు, నా లెక్కలో రెండు వందల ఎనభై ఎనిమిది. పెద్ద గడ్డలు ఇచ్చెయ్యవచ్చు. ఇచ్చేస్తే నాకు మిగిలేవి నూట ఇరవై రెండు. ఇవ్వకుండా నాలుగు వందల పదీ నాటితే మళ్లీ ఎనిమిదింతలు. బాకీ పెరిగేది సగమే. లెక్క తెలిసినవాడెవడూ ఇప్పుడు కట్టడు. అక్క వచ్చినప్పుడు ఇదే చెప్పాను.

"పోనీ గీ చిన్నయి తీస్కో అక్కా, ఎన్నంటె అన్ని" అని రెబ్బల గంప ముందుపెట్టాను.

అక్క ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పింది. "నేనిచ్చింది గడ్డలా, చారుల ఏసుకునే రెబ్బలా? తీస్కున్న తీరుగ ఇయ్యాలె. లేకుంటె ఆరు మీద నాగు నడుస్తది. వచ్చే ఏటికి తొమ్మిది."

"నడువనీ" అన్నాను.

వెనకాల మా ఇంటామె గిలాస బల్ల మీద పెట్టిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. కొంత నీళ్లు బల్ల మీద ఒలికాయి.

నాలుగు వందల పదీ పెద్ద మడిలో నాటాను. రెబ్బలకు జాగా లేక గోడ పొడుగునా ఒక కాలువ తీసి అందులో కుమ్మరించి మన్ను కప్పాను. ఆ వానాకాలమే, ఒక పొద్దున లేచి చూస్తే పెద్ద మడి దున్నినట్టుంది. మడి చుట్టూ కట్టిన తడిక కింద బొరియ. మన్నులో నలుపూ తెలుపూ చారల ముళ్లు రెండు. మా లైన్ చివర తుప్పల్లో ఏదుపంది ఉందని అందరికీ తెలుసు, అది లిల్లీ గడ్డలు తింటుందని ఎవరికీ తెలియదు. మడిలో ఒక్క గడ్డ మిగల్చలేదు. గోడ పక్క కాలువలో మాత్రం రెండు మూడు తవ్వి, కొరికి, ఉమ్మేసి పోయింది. ఏది గడ్డో ఏది రెబ్బో అక్కకు, ఏదుపందికి ఒకే అభిప్రాయం.

తడిక కింద రెండు వరసల ఇటుకలు పేర్చాను. రెండో రాత్రే అది తడికనే కొరికి దారి చేసుకుంది. తినడానికి ఏమీ లేదని చూసుకోవడానికి వచ్చినట్టుంది.

ఆ తర్వాతి ఎండాకాలం అక్క వచ్చి అంతా విన్నది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మంచిగైంది. నాకు నీళ్లియ్యకున్నా ఏదుపందికి బువ్వవెట్టినవ్" అంది. మడిలో గడ్డ లేదు, కాలువ తవ్వితే రెబ్బలు రెబ్బలుగానే ఉన్నాయి, ఇరుకులో పెరగలేదు. తొమ్మిది మానికల బాకీ పదమూడున్నర వైపు నడిచింది. అక్క మళ్లీ పక్కింట్లో నీళ్లు తాగింది.

ఆ సాయంత్రం మా ఇంటామె నా ముందు కూర్చుంది.

"నాకు పూలొద్దు, పైసలొద్దు. వచ్చే ఏటికి మీ అక్క మనింట్ల చెంబెడు నీళ్లు తాగాలె. నువ్వు గా గడ్డలను ముట్టకు. లెక్కవెట్టకు. చూడను గూడ చూడకు."

"లెక్కవెట్టకుంటె ఎట్ల తెలుస్తది..."

"పెరిగితె తెలుస్తది."

రెబ్బలన్నిటినీ కాలువలోంచి తీసి, బాగున్నవి ఏరి, దూరం దూరం నాటింది. మడులు నిండాక పగిలిన బకెట్లలో, కిరసనాయిలు డబ్బాల్లో, అడుగు ఊడిన బిందెలో, నా పాత బాయి బూట్లలో కూడా నాటింది. బియ్యం కడిగిన నీళ్లు వాటికే, మేక ఎరువు వాటికే. ఏదుపంది దారిలో తుమ్మ కంప పరిచి, పైన ఖాళీ డబ్బాలు కట్టింది. ఆ ఏడు పూలను అమ్మలేదు, కాడలు లేవగానే తుంపేసింది. బలమంతా గడ్డలోకి పోవాలట. పూల తోటలో పూలు తుంపి పారేస్తుంటే నేను చూడకూడదు కాబట్టి చూడలేదు.

ఎండాకాలం గడ్డలు తవ్వింది. అప్పుడు మాత్రం నన్ను లెక్కబెట్టనిచ్చింది. పదమూడున్నర మానికలకు, మానికకు నలభై ఎనిమిది చొప్పున, ఆరు వందల నలభై ఎనిమిది కావాలి. అంతకంటే ఎక్కువే ఉన్నాయి. సరిగ్గా ఆరు వందల నలభై ఎనిమిది ఏరి సంచిలో పోశాను. మిగిలినవి సన్నవి, విత్తనానికి ఉంచాను. ఇంటామె కొత్త చెంబు తోమి పెట్టింది.

అక్క వచ్చింది, ఇనుప మానిక వెంట తెచ్చుకుంది. లైన్ ఆడవాళ్లంతా ఏదో పని పెట్టుకుని మా వాకిలి ముందే తిరుగుతున్నారు. పక్కామె కూడా గోడ దగ్గరికి వచ్చింది.

"కొలువకక్కా, నేను లెక్కవెట్టిన. బరాబర్" అన్నాను.

"నాగు మానికతోని తీస్కున్నవ్, నోటితోని కాదు" అని కొలవడం మొదలుపెట్టింది. నింపడం, తట్టడం, నింపడం, గోపురం. పది మానికలు, పదకొండు, పన్నెండు. పన్నెండో మానిక గోపురం నిలబడేసరికి సంచి అడుగు కనిపించింది. సంచి తిరగేసి దులిపాను. మన్ను రాలింది.

మా ఇంటామె గడ్డలు నున్నగా గుండ్రంగా ఉన్నాయి, కానీ అక్క గడ్డలకంటే పిసరంత చిన్నవి. మానికకు యాభై నాలుగు పట్టాయి. లెక్క ప్రకారం బాకీ తీరింది, మానిక ప్రకారం ఒకటిన్నర తక్కువ.

"లెక్కకు సరిపోయినయక్కా! ఆరు నూర్ల నలభై ఎనిమిది!"

"ఓ పిల్లా" అని అక్క మా ఇంటామెను పిలిచింది. "గీ గడ్డలు ఎవలు పెంచిన్రు?"

"నేనే వదినె."

"మంచిగ పెంచినవ్. వీనికి ఇయ్యకు." తర్వాత తీర్పు చెప్పింది. "నేనిచ్చిన అసలు నాలుగు. బాకీ నాలుగుకు తక్కువున్నన్ని దినాలు నీళ్లు తాగుత, చాయ్ తాగుత. బువ్వ మాత్రం మొత్తం తీరినంకనే."

మా ఇంటామె లోపలికి పోయి చెంబుతో వచ్చింది. అక్క లోపల తాగలేదు. వాకిట్లోకి నడిచి, అందరికీ కనపడేలా అరుగు మీద కూర్చుని, చెంబు ఎత్తిపట్టి గటగటా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, "సల్లగున్నయి" అని పెద్దగా అంది. పక్కామె కూడా తల ఊపింది. మా ఇంటామె కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నేను ఆ రోజే చూశాను.

కథ అక్కడ ఆగితే బాగుండేది. మా బాయి మూతపడే రోజులు వచ్చాయి. మమ్మల్ని ఇంకో కాలనీకి మార్చారు. ఆ క్వార్టర్ వెనుక నేల నేల కాదు, బొగ్గు బూడిద మీద బండలు పరిచి చదును చేసిన జాగా. గడ్డపార దిగదు. ఉన్న సన్న గడ్డలన్నీ బకెట్లలో, డబ్బాల్లో ట్రాలీ మీద తెచ్చుకున్నాం. ఆ ఏడు అవి పెరగలేదు, బాకీ రెండుంబావు అయింది. తర్వాతి ఏడు కుదురుకున్నాయి కానీ పిల్లలు కొన్నే పెట్టాయి. తీసి ఇస్తే విత్తనం మిగలదని ఇంటామె ఆగింది. బాకీ మూడు మానికలు, పైన మానికలో ఎనిమిదింట మూడు వంతులు. నాలుగు దగ్గరపడుతోందని ఇద్దరికీ తెలుసు. అక్క ఇంకా చాయ్ తాగుతోంది. చాయ్‌తో పాటు సకినాలు, మక్కగారెలు, సర్వపిండి తినేది. అవి బువ్వ కావట. ఒకసారి లెక్క వేస్తే ఆమె తిన్న సర్వపిండికే బాకీ చెల్లిపోయేది. కానీ కోత వద్దన్నది ఆమే.

ఆ పై ఏడు గడ్డలు నిజంగా బాగా ఊరాయి. రెండు వందల అరవై ఐదు, అన్నీ బొటనవేలంత. మొత్తం తీరిపోయి ఇంకా మిగులుతాయి. అప్పుడు నేను ఒక్క పని చేశాను. కొత్త కాలనీలో నల్లా పొద్దున గంటే వస్తుంది. పోసిన నీళ్లలో పావు వంతు బకెట్ల అడుగు చిల్లుల్లోంచి కారిపోతున్నాయని లెక్క తేలింది. ఇంటామె ఊరికి పోయినప్పుడు చిల్లులన్నీ తారుతో పూడ్చాను. నీళ్లు మిగిలాయి. తర్వాత వారం రోజులు ముసురు పట్టింది. ఆమె తిరిగొచ్చి ఒక బకెట్‌లో చెయ్యి పెట్టి, పిడికెడు మెత్తటి జావ తీసి, నాకు చూపించి, మళ్లీ బకెట్‌లోనే వేసింది. ఆ పూటే మేకు తెచ్చి చిల్లులన్నీ మళ్లీ తెరిచింది.

మొన్న ఎండాకాలం అక్క వచ్చింది. ఆమె రాకముందే ఇంటామె నాకు గట్టిగా చెప్పింది: "అంకె నీ నోట్లె నుంచి రావద్దు." నేను సరేనన్నాను. అక్క వచ్చి కూర్చుంది. ఇంటామె గిలాస ఇచ్చింది. అక్క గిలాసను నోటిదాకా తీసుకెళ్లి, మాటవరసకు అడిగినట్టు అడిగింది.

"బాకీ ఎంతయిందిరా తమ్మీ?"

ఇంటామె నా వైపే చూస్తోంది. ఇన్నేళ్లు లాంపులు లెక్కబెట్టినవాణ్ణి. ఎంత అని అడిగితే ఇంత అనడం తప్ప నా నోటికి వేరే అలవాటు లేదు.

"ఐదు మానికలు, మూడు గడ్డలు."

గిలాస ఆగింది. "నాలుగు దాటిందా?"

"దాటింది."

అక్క గిలాస కింద పెట్టేసింది. ఇంటామె తల పట్టుకుంది. "ఒక్క అబద్ధం జెప్పరాదా అయ్యా నీకు? ఇన్నేండ్ల నౌకరీల గదొక్కటి నేర్వకపోతివి!"

కొత్త కాలనీలోనూ గోడలు కలిసే ఉంటాయి. ఎదురింటి తలుపు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. అక్క వాళ్ల వైపు చూసింది, మా ఇంటామె మొహం చూసింది, గిలాస వైపు చూసింది.

"పిల్లా, ఇంట్ల సల్ల ఉన్నదా?"

"ఉన్నది వదినె."

"పట్కరా. నీళ్లు ముట్ట అన్న గని సల్ల ముట్ట అనలే."

ఇంటామె చెంబెడు మజ్జిగ తెచ్చింది. అక్క లేచి, వాకిట్లోకి పోయి, ఎదురింటివాళ్లకు ఎదురుగా నిలబడి తాగింది. ఇంకో చెంబు అడిగి అదీ తాగింది.

"సల్లల మూడొంతులు నీళ్లే గద అక్కా..." అని మొదలుపెట్టాను.

"నోరు ముయ్యి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

కుళ్లకుండా మిగిలిన సన్న రెబ్బలు నాటితే, ఇప్పుడు పది బకెట్లలో గడ్డలున్నాయి. అడుగున చిల్లులున్నాయి. వాటి దగ్గరికి పోవడానికి నాకు అనుమతి లేదు, కిటికీలోంచి చూస్తాను. ఎన్ని ఊరాయో తెలియదు. అక్క బువ్వకని మానెడు బియ్యం పక్కన పెట్టుకుని మా ఇంటామె ఎదురుచూస్తున్నది మాత్రం తెలుసు. ఇవాళ్టికి ఉన్న బాకీ: కుప్పగా కొలిచి ఐదు మానికలు, పైన మూడు గడ్డలు.